ఒడ్డమ్మ జరిమానా

పుస్తకంలో మా అత్త పేరు వేయమన్నది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ నరసన్నపేట మేడమ్ మీద మా పేటంతా దుమ్మెత్తిపోసింది గానీ ఇందులో ఆవిడ తప్పు వీసమెత్తు లేదు. "పెద్దావిడ పేరు వేయొచ్చా రాణీ? ఇబ్బందేమీ రాదు కదా?" అని రెండుసార్లు అడిగింది పాపం. వేసేయండమ్మా, పేరుతోపాటు ఫొటో కూడా వేయండి అన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆవిడ పేరు పద్మకుమారి. శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతుంది. నరసన్నపేట బజారులో వాళ్ల నాన్నగారికి పెద్ద కిరాణా కొట్టుంది. ఆ కొట్టు పక్క సందులోనే నేను ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చుంటాను. చేప వాసనే పడని ఇంటి మనిషి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నా గంప దగ్గర గంటలకు గంటలు కూర్చునేది. ఆడవాళ్లు తమలో తాము చెప్పుకునే అమ్మవార్ల కథలు పోగేసి పుస్తకం వేస్తోందట. పాతపట్నం అవతలి ఊళ్లన్నీ తిరిగానని, సముద్రం వైపు మాత్రం ఒక్క కథా దొరకలేదని అంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. మాకు కథలు లేకపోవడమేమిటి? మర్నాడే ఆవిణ్ని బస్సెక్కించి, మా పేటకు తీసుకొచ్చి, మా అత్త తాతమ్మ ముందు కూర్చోబెట్టాను.

మా అత్తకు డెబ్బై దాటాయి. పేటలో ఒడ్డమ్మ తల్లి కథ మొదట్నుంచి చివరిదాకా తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆ కథ రెండు రకాలు. సంబరంలో మగవాళ్లు జముకు వాయించి పాడేది ఒకటి. అందులో ఒడ్డమ్మ ఏడుగురు అన్నలకు ముద్దుల చెల్లెలు. అన్నల తెప్ప తుపానులో చిక్కుకుంటే తనంతట తానే సముద్రంలోకి దూకి, ప్రాణమిచ్చి, వాళ్లను కాపాడి దేవత అయింది. అందుకే ప్రతి యజమానీ వేట మొదలెట్టేటప్పుడు తన బోటు నీళ్లలో దింపేముందు అమ్మకు పసుపు చీర ఇచ్చి మొక్కుతాడు.

రెండోది మాది. మగవాళ్లు వేటకు పోయాక ఇసుకలో చేపలు ఎండేస్తూ మేం చెప్పుకునేది. అందులో ఆమె దూకలేదు. తోసేశారు. ఆడది ఎక్కబట్టే గాలి రేగిందని పెద్దన్న అంటే మిగతా ఆరుగురూ తలూపారు. ఆమె చావనూ లేదు. ఈదుకుంటూ ఒడ్డెక్కి, అన్నలు తిరిగొచ్చేసరికి ఇసుకలో కూర్చుని ఉంది. నన్ను దాటి తెప్ప ఎలా దింపుతారో చూస్తానంది. అప్పుడు ఏడుగురూ తడి ఇసుకలో మోకాళ్ల మీద కూలబడి, కొత్త చీర రెండు చేతులా పట్టుకుని, తప్పయిపోయిందని ఒప్పుకున్నారు. కాబట్టి ఆ చీర మొక్కు కాదు, జరిమానా. ఏటా కట్టాల్సిందే.

ఈ కథకు ఒక కట్టుబాటుంది. మొదలెట్టేవాళ్లు ముందుగా "నాను సెప్పనేదు, నాకు సెప్పినోలు సెప్పేరు" అనాలి. ఎవరు చెప్పారని అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. మా ముసలమ్మలకు ఎంత తెలివో నాకప్పుడు అర్థం కాలేదు. పేరు తెలిస్తే జుట్టు చేతికి దొరికినట్టే కదా. నేను ఏడో తరగతి చదివిన మహా పండితురాలిని, మా అత్త పేరు అచ్చులో చూడాలని ఉబలాటపడిపోయాను. అత్తకు అక్షరం ముక్క రాదు. ఆవిడకు తెలియకుండానే పుస్తకంలో కథ కింద "చెప్పినవారు: తాతమ్మ" అని పడిపోయింది.

పుస్తకం 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక కాపీ తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచాను. అదే నెలలో వేట నిషేధం మొదలైంది. రెండు నెలలు బోట్లన్నీ ఇసుకలోనే ఉన్నాయి. జూన్ పదిహేను, గురువారం, నిషేధం తీరిన మొదటి పొద్దున కూర్మయ్య బోటు అయిదుగురితో బయల్దేరింది. కూర్మయ్య మా పేటకు పెద్ద, మూడు బోట్ల యజమాని. ఆ అయిదుగురిలో నా మొగుడు ధనరాజు ఉన్నాడు, పక్కింటి గంగులు ఉన్నాడు. ఒడ్డు కనబడుతుండగానే పెద్ద కెరటం లేచి బోటును బోర్లా కొట్టేసింది. నలుగురు ఈదుకుంటూ వచ్చారు. గంగులు రాలేదు.

ఆ రోజంతా వెతికారు. శుక్రవారమూ వెతికారు. గంగులు పెళ్లాం అసిరమ్మ సముద్రానికి ఎదురుగా కూర్చుండిపోయింది. ఏడవదు, లేవదు, మంచినీళ్లు ముట్టదు. చీకటి పడితే మేమే రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్లం. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మా పేట ఫోన్లన్నింటిలోనూ ఆ పుస్తకంలోని పేజీ ఫొటో తిరగడం మొదలైంది. ఎవడు పెట్టాడో దేవుడికి తెలియాలి. ఒడ్డమ్మ తల్లిని అన్నలు తోసేశారని పుస్తకంలో రాయించారని, తల్లికి కోపం వచ్చిందని, అందుకే గంగులును తీసుకుందని అన్నారు. కింద చూస్తే తాతమ్మ పేరుంది.

సాయంత్రం కూర్మయ్య మనిషి వచ్చి గుమ్మంలోనే నిలబడి కబురు చెప్పాడు. రేపు పొద్దున గుడి దగ్గర తాతమ్మ అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఈ కథ అబద్ధమని, నేనే కల్పించానని తల్లి ముందు ప్రమాణం చేయాలి. చేయకపోతే మా ఇంటికి వెలి. ధనరాజును ఏ బోటూ ఎక్కించుకోదు. ఒడ్డున చేపల వేలంపాటలో నా మాట ఎవరూ తీసుకోరు. మాతో మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష.

అప్పుడు అత్తకు అసలు సంగతి చెప్పక తప్పలేదు. కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఒక దెబ్బ వేసినా బాగుండేది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"నా పేరు ఎందుకెయ్యమన్నావే?"

"నీకు పేరొస్తాదని, అత్తా."

"నాకు పేరెందుకే? మా యమ్మకున్నాదేటి పేరు? ఆ యమ్మ నాకు సెప్పనేదేటి?"

అంతే. ఆ రాత్రి నా చేతి కూడు ముట్టలేదు.

నేను పద్మకుమారి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ విని ఏడ్చింది. "రాణీ, ఆ కథ నేనే కల్పించి రాశానని చెప్పేయండి. నేనొచ్చి చెప్పమన్నా చెబుతాను. నన్నేం చేస్తారు? పెద్దావిణ్ని వదిలేస్తారు కదా" అంది. నా ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్లి అత్తకు చెప్పాను.

అత్త తల అడ్డంగా ఊపింది. "ఆ యమ్మ కల్పించిందంటే మరి మా యమ్మ ఏటి సెప్పినట్టు? దాని యమ్మ ఏటి సెప్పినట్టు? ఆ తల్లి ముందు నిల్సోని అబద్దమాడితే రేపు సచ్చినాక ఏ మొకమెట్టుకుని ఎల్తానే? నానొల్లను."

"ఒల్లనంటే నీ కొడుకు కూడెలా తింటాడు?" అని గట్టిగా అరిచేశాను. అరిచింది కోపంతో కాదు, భయంతో. అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

ధనరాజు అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. రెండు రోజులుగా అతను మాట్లాడితే ఒట్టు. వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఏటి బావా, యజమానికి ఒక్క మాట సెప్పలేవేటి? ఆ కత ఎరగని ఆడది పేటలో ఉన్నాదేటి?" అన్నాను. అప్పుడు నోరు విప్పాడు. ఎందుకు విప్పించానా అనిపించింది.

కూర్మయ్య చీర ఇవ్వలేదు. తెల్లారకముందే తానొక్కడే వెళ్లి తల్లికి చీర ఇచ్చి వచ్చానని పేటంతా చెప్పుకున్నాడు గానీ అది అబద్ధం. చీర ఇంకా వాళ్ల ఇంట్లో పెట్టెలోనే ఉంది. పక్క పేట బోట్లు అప్పటికే దిగిపోయాయని, ముందు చేప ఒడ్డుకొస్తే మంచి ధర పలుకుతుందని తొందరపెట్టాడు. గంగులు అడ్డం తిరిగాడట. కెరటం బాగోలేదు, చీర కూడా ఇవ్వలేదు, నేను ఎక్కను అన్నాడట. కూర్మయ్య పకపకా నవ్వి, "ఆడోల్ల కతలకు బయపడతావేట్రా? ఎల్లి మీ ఆవిడ కోక కట్టుకో" అన్నాడట. అందరూ నవ్వారు. ధనరాజూ నవ్వాడు. గంగులు మొహం ఎర్రబడింది, మారుమాట లేకుండా ఎక్కేశాడు. ఒడ్డుకు చేరిన నలుగురి చేతా ఈ సంగతి బయటికి పొక్కకూడదని కూర్మయ్య ఒట్టు వేయించుకున్నాడు.

"నువ్వు నోరిప్పకే రాణీ. నీకు దండమెడతాను. ఇప్పితే నాకు ఈ ఒడ్డున పని నేదు, ఎక్కడికో పోవాల" అన్నాడు ధనరాజు.

ఏం చేయను? నోరు విప్పితే మొగుడు పోతాడు, విప్పకపోతే అత్త పోతుంది. నాకా రాత్రి కన్ను మూతపడలేదు.

శనివారం పొద్దున ఏడింటికే గుడి ముందు ఇసుకంతా జనం. మా ఒడ్డమ్మ గుడి చిన్నది, మనిషి వంగి దూరాలి. కూర్మయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. అసిరమ్మను కూడా తెచ్చి ముందర కూర్చోబెట్టారు. ఆమె నుదుటి బొట్టు చెరిగి బుగ్గ దాకా కారి ఉంది. చూసి గుండె తరుక్కుపోయింది.

"తాతమ్మప్పా," అన్నాడు కూర్మయ్య, గొంతులో ఎక్కడలేని మర్యాద, "నీకు మేం ఎగస్పార్టీ కాదు. పెద్దదానివి. ఏదో వాగీసినావు, ఆలు అచ్చేసీసినారు. తల్లి కోపం సల్లారాల. అబద్దమని ఒక్క మాటను, ఇంటికెల్లి కూడు తిను."

"మరి గంగులొస్తాడేటి?" అంది అత్త.

జనంలో గుసగుసలు లేచాయి. కూర్మయ్య మొహంలో మర్యాద ఎగిరిపోయింది. పూజారికి సైగ చేశాడు. పూజారి తమలపాకు తెచ్చి అత్త కుడి అరచేతిలో పెట్టి, దాని మీద కర్పూరం పెట్టి, అగ్గిపుల్ల గీశాడు.

మామూలుగా అయితే ప్రమాణం రెండు మాటల్లో అయిపోతుంది, చెయ్యి కాలకముందే కర్పూరం కింద పడేస్తారు. అత్త ఒక్క మాటా అనలేదు. చెయ్యి చాపి, గుళ్లోకి చూస్తూ నిలబడిపోయింది. ఆకు అంచులు నల్లబడ్డాయి. "అను, అప్పా!" అన్నాడు కూర్మయ్య. "అనీయే, ముసలీ!" అని ఎవరో అరిచారు. ఆకు ముడుచుకుపోయింది. అత్త మోచెయ్యి వణకడం మొదలైంది. ఆ చెయ్యి వైపు చూడలేక ధనరాజు వైపు చూశాను. అతను తల దించుకుని ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు. కన్నతల్లి చెయ్యి కాలుతుంటే గీతలు గీస్తున్నాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక బోటు లేదు, కూడు లేదు, ఒట్టు లేదు. ఒక్క ఉదుటున వెళ్లి అత్త చేతి మీద కొట్టాను. కర్పూరం ఇసుకలో పడి బుస్సుమని ఆరిపోయింది.

"ఏటే నీకు పొగరు?" అని కూర్మయ్య కుర్చీలోంచి లేచాడు.

"పొగరు కాదు మావా. తీరుపు సెప్పే ముందు నా కతొకటి ఇను," అన్నాను. ఆడవాళ్ల వైపు తిరిగాను. "నాను సెప్పనేదు. నాకు సెప్పినోలు సెప్పేరు."

ఆ మాట వినగానే ఆడవాళ్లందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. మగవాళ్ల ముందు ఆ మాట ఏనాడూ ఎవరూ అనలేదు. అసిరమ్మ కూడా సముద్రం మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"అయిదుగురు ఓ బోటు కాడికెల్లేరు. తల్లికి సీరియ్యనేదు, సీర పెట్లో ఉండిపోనాది. అయిదుగురిలో ఒకడు ఎక్కనన్నాడు. కెరటం బాగోనేదన్నాడు. సీరిచ్చే దాక ఎక్కనన్నాడు. అప్పుడు బోటాసామి నవ్వినాడు. ఆడోల్ల కతలకు బయపడతావేట్రా, మీ ఆవిడ కోక కట్టుకో, అన్నాడు."

ఒడ్డుకు ఈదుకొచ్చిన మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నారు.

కూర్మయ్య మొహం నల్లగా మాడిపోయింది. "ఎవులే నీకు సెప్పేరు? పేరు సెప్పు!"

"పేరు సెప్పరాదు," అన్నాను. "ఈ కతకు పేరుండదు. ఓ పాలి పేరెట్టి నా అత్త సెయ్యి కాల్సుకున్నాను. ఇక సెప్పను, సంపినా సెప్పను."

అత్త బొబ్బలెక్కిన చేత్తోనే నా భుజం పట్టుకుంది.

"ధనరాజూ! నీ పెల్లాం నోరు ముయ్యిస్తావా, నన్ను ముయ్యించమంటావా?"

ధనరాజు లేచాడు. మా మధ్యకు నడిచి వస్తుంటే కొడతాడనే అనుకున్నాను. కొట్టనీ అనుకున్నాను. అతను నన్ను దాటి వెళ్లి అసిరమ్మ ఎదుట ఇసుకలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నానే సెప్పేను," అన్నాడు. "సీరియ్యనేదు. గంగులు ఒల్లనంటే నవ్వినాం. నానూ నవ్వినాను. తప్పయిపోనాది, అసిరమ్మా."

ఆ చివరి మాట పెదాల మీదే ఆగిపోయింది.

"నాకినపడనేదు," అంది అసిరమ్మ. మూడు రోజుల్లో ఆమె నోటంట వచ్చిన మొదటి మాట అది.

"తప్పయిపోనాది."

"నాకినపడనేదు, బావా."

"తప్పయిపోనాది!" అని ధనరాజు సముద్రం అవతలికి వినబడేలా అరిచాడు. ఆ అరుపుకు ఆ ముగ్గురిలో ఒకడు వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టాడు. ఇంకొకడు వచ్చి ధనరాజు పక్కన కూర్చున్నాడు.

కూర్మయ్య కండువా దులుపుకున్నాడు. "ఇక నా బోటు తొక్కితే కాల్లిరగ్గొడతాను. ఏ బోటు ఎక్కుతావో సూస్తాను," అన్నాడు. తన వెనకాల ఎందరొస్తారో అని ఒకసారి వెనక్కి చూశాడు. నలుగురైదుగురు లేచారు. మిగతావాళ్లు కదల్లేదు. అతను వెళ్లిపోయాడు. అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. వచ్చే నెల నా మొగుడు గుజరాత్ బోట్లకు పోవాల్సిందే, ఏడాదికోసారి కనబడతాడు. తెలిసే చేశాను. ఏడుపు మాత్రం ఆగలేదు.

ధనరాజు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అతనికి దగ్గరగా జరిగింది.

"మొదట్నుంచి సెప్పు," అంది. "ఎక్కిన కాడ్నించి సెప్పు. ఏటీ దాయొద్దు."

అతను మా అత్త వైపు చూశాడు. అత్త కూర్చుంది. ఆవిడ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని నేనూ కూర్చున్నాను. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. ధనరాజు చెప్పడం మొదలెట్టాడు. గంగులు బోటు ముందు కొసన ఎలా కూర్చున్నాడో, ఎవరితోనూ మాట్లాడకుండా బీడీ ఎలా కాల్చాడో చెప్పాడు. "ఊఁ," అంది అసిరమ్మ. కెరటం ఎటువైపు నుంచి లేచిందో చెప్పాడు. "ఊఁ." బోటు తిరగబడ్డాక నీళ్లలో గంగులు చెయ్యి తన చేతికి దొరికిందని, గట్టిగా పట్టుకున్నానని, రెండో కెరటం వచ్చిందని చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు. తన కుడిచేతి వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఊఁ," అంది అసిరమ్మ. "తరవాత?"